మా బావ ఆఖరి సర్వీసు

మొన్న తెలిసినవాళ్ల పెళ్లికని కడపలో కొత్తగా కట్టిన ఒక కల్యాణమండపానికి పోయినాను. భోజనాల షెడ్డులో కూర్చుని వంకాయ కూర కలుపుకుంటూ తలెత్తితే, ఎదురుగా ప్రహరీని ఆనుకుని నాపరాళ్ల మెట్లు కనిపించాయి. అప్పుడు తెలిసింది, నేను ఆకేసుకుని కూర్చున్నది ఒకప్పటి కాలేజీ వాలీబాల్ కోర్టులో అని. గ్రౌండు అమ్మేశారని విన్నాను గానీ, ఇదేనని పోల్చుకోలేకపోయినాను. ఆ పెళ్లికి మా అక్కనూ పిలిచారు, ఆమె రాలేదు. మా బావ మాత్రం వచ్చి, నా పక్కనే కూర్చుని, ఇంకో ఓళిగ అడిగి వేయించుకుని, దాని మీద నెయ్యి కూడా పోయించుకుని తిన్నాడు. అది ఏ చోటో ఆయనకు తెలియక కాదు.

మా బావ ఆ ప్రైవేటు కాలేజీలో మూడు దశాబ్దాల పైనే ఆటల మాస్టారుగా పనిచేశాడు. ఊరంతటికీ ఆయన పీడీ సారు. ఉద్యోగం అన్ని ఆటలకూ ఇచ్చారు గానీ, ఆయన దృష్టిలో ఆట అంటే వాలీబాల్ ఒక్కటే. క్యారమ్ బోర్డులను, చదరంగాన్ని పడుకుని ఆడే ఆటలని బీరువాలో పెట్టి తాళం వేశాడు. పొద్దున్నే పోయి ఎర్రమన్ను మీద తానే నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసేవాడు. ఆ గీతల మీద ఉన్న మమకారం వాటి లోపల ఆడే పిల్లల మీద ఉండేది కాదు. తప్పు ఆడినవాణ్ణి ఏప్రిల్ మధ్యాహ్నం ఆ నాపరాళ్ల మెట్ల మీద నిక్కరుతో కూర్చోబెట్టేవాడు. నేనూ ఆ కాలేజీలోనే చదివినాను కాబట్టి, ఆ రాళ్ల వేడి ఎంతసేపటికి ఎముకకు తగుల్తుందో నాకు తెలుసు. మెడలో ఈల ఎప్పుడూ ఉండేది. ఇంట్లో కాఫీ కావాలన్నా ఈల వేసేవాడు. కొత్తలో మా అక్క ఇరుగుపొరుగు వింటారని సిగ్గుపడేది. తర్వాత్తర్వాత ఆ ఈల ఎంత పొడుగ్గా ఉందో దాన్నిబట్టి కాఫీయో మంచినీళ్లో తెచ్చి ఇచ్చేది. చుట్టాలు దీన్ని ముచ్చటగా చెప్పుకునేవాళ్లు.

ఆయన తయారు చేసిన ఆటగాళ్లలో అందరికన్నా గొప్పవాడు మంగంపేట పిల్లవాడు. తండ్రి ముగ్గురాయి గనుల్లో కూలి. ఏదో ఊరి టోర్నమెంటులో వాడి ఎత్తు, ఆ చేతుల పొడవు చూసి, బావే పట్టుకొచ్చి కాలేజీలో సీటు, హాస్టలు ఇప్పించాడు. ఆదివారాలు మా అక్క చేతి సంగటి తినిపోయేవాడు. కర్నూలులో కాలేజీల మధ్య ఫైనలు జరిగింది. చివరి పాయింటు దగ్గర వాడు వేసిన సర్వీసు నెట్టుకు తగిలి కింద పడింది. ఓడిపోయారు. మరునాడు బావ కాలేజీ మొత్తాన్నీ మెట్ల మీద కూర్చోబెట్టి, వాడి చేత సర్వీసు వేయించడం మొదలుపెట్టాడు. బంతి నెట్టు దాటినా ఇంకోటి అనేవాడు, దాటకున్నా ఇంకోటి అనేవాడు. కొడుకును చూసిపోదామని శెనిక్కాయల మూట ఎత్తుకుని ఆ పొద్దే వచ్చిన తండ్రిని కూడా ముందు మెట్టు మీద కూర్చోమన్నాడు. సాయంత్రానికి పిల్లవాడి భుజం లేవడం మానేసింది. బంతి వాడి కాళ్ల దగ్గరే పడుతుంటే కాలేజీ నవ్వింది. తండ్రి లేచి చేతులు జోడించాడు.

"సాలు లేండి సారూ. పిల్లోడు పడిపోతాడు."

"కూర్చో," అన్నాడు బావ, తల కూడా తిప్పకుండా.

ఆయన కూర్చున్నాడు. పిల్లవాడు ఆ వారంలోనే పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. బావ వాడి జెర్సీ ఇంకొకడికి ఇచ్చాడు.

మంగంపేట పిల్లవాడు మొదట లారీ తోలాడు, తర్వాత లారీలు కొన్నాడు, ఆ తర్వాత ముగ్గురాయి పొడి చేసే మిల్లు పెట్టాడు. చివరికి, బావ ఉద్యోగం ఇంకొన్నేళ్లు ఉందనగా, ఆ కాలేజీనే కొని కరస్పాండెంటుగా వచ్చి కూర్చున్నాడు. బావను పనిలోంచి తీసేస్తాడని అందరం అనుకున్నాం. తీయలేదు. ఎదురుపడితే లేచి నిలబడి సార్ అనేవాడు. అలా అంటూనే కొత్త నెట్టు కొనడం ఆపించాడు. మరుసటేడు ఆటల పీరియడు తీసేశాడు. ఆ తర్వాత సారుకు గ్రౌండులో పని లేదు కదా అని గేటు దగ్గర నిలబెట్టి, ఆలస్యంగా వచ్చేవాళ్ల ఐడీ కార్డులు చూడమన్నాడు. బావ ఈల మెడలో వేసుకునే పోయి నిలబడ్డాడు. ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. మా అక్కా అడగలేదు.

పదవీ విరమణ సభ గ్రౌండులోనే పెట్టారు. షామియానా వేశారు, గజమాల తెచ్చారు. కరస్పాండెంటు శాలువా కప్పి, సారు లేకపోతే నేను లేనని బాగా మాట్లాడాడు. మా అక్క ముందు వరసలో, పట్టుచీర కట్టుకుని, చేతిలో పూలగుత్తితో కూర్చుంది. సభ ముగిసిందని మేం లేవబోతుండగా అతను మళ్లీ మైకు తీసుకున్నాడు.

"మా పిల్లోళ్లు సారు సర్వీసు ఎప్పుడూ చూసింది లేదు. ఒక్కటి ఏసి పోండి సార్. అందరం చూస్తాండాం."

బావకు షుగరు. కుడి భుజం బిగుసుకుపోయి అప్పటికి రెండేళ్లు. అయినా లేచాడు. కరస్పాండెంటు శాలువా తీయనివ్వలేదు, మాలా తీయనివ్వలేదు, ఫొటోలు బాగుంటాయని. మొదటి బంతి నెట్టు దాకా కూడా పోలేదు. పర్లేదు సార్, ఇంకోటి, అన్నాడతను మెత్తగా. ఇంకోటీ అంతే. బంతులు అందించడానికి మనుషుల్ని ముందే పెట్టుకున్నాడు. నేను లేచి కోర్టులోకి పోయినాను. బావ చేయి అడ్డం పెట్టాడు.

"నువ్వు పో బామ్మర్దీ. ఇది నాదీ వానిదీ."

వెనక్కి వచ్చినాను. ఎండ మండిపోతోంది. బావ చేయి ఎత్తలేక ఎడమచేత్తో కొట్టబోయాడు. కాలికి మాల చుట్టుకుని మోకాళ్ల మీద పడ్డాడు. బంతి నెత్తి మీద పడి దొర్లిపోయింది. గేటు దగ్గర రోజూ ఆయన చేత తిట్లు తిన్న పిల్లలు కదా, కడుపారా నవ్వారు. ఆ నవ్వుల మధ్య ఒక నవ్వు వేరేగా వినిపించింది. మా అక్కది. కొంగు అడ్డం పెట్టుకోలేదు, తల దించుకోలేదు. పూలగుత్తి ఒళ్లో నుంచి జారిపోయినా చూసుకోకుండా, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. పిల్లలు ఒక్కొక్కరే ఆగిపోయారు. ఆమె ఆగలేదు. కరస్పాండెంటు ముఖంలో రంగు మారింది. అతను ఇంత కోరుకోలేదనుకుంటాను. తానే పోయి బావను లేపి, సాలు సార్, ఇంటికి పోండి, అన్నాడు.

అక్క ఎందుకు నవ్విందో ఆ సభలో నాకొక్కడికే తెలుసు. పెళ్లయిన మూడో ఏడు ఆమె కాన్పుకు మా ఇంట్లో ఉంది. నొప్పులు మొదలయ్యేసరికి బావ అనంతపురంలో టోర్నమెంటులో ఉన్నాడు. కష్టం కాన్పు, వెంటనే రమ్మని నాయన మనిషిని పంపాడు. సెమీఫైనలు ఉంది, ఆడించుకుని వస్తానని చెప్పి పంపాడు బావ. సెమీఫైనలు అయినాక ఫైనలు వచ్చింది. ఆయన వచ్చేసరికి బిడ్డను పూడ్చిపెట్టి రెండో రోజు. ఆటోలోంచి కప్పుతో దిగి, గడపలో నిలబడి, గెలిచినాం అన్నాడు. ఎవరూ ఏమీ చెప్పకముందే అన్నాడు, నిజమే. కానీ చెప్పాక కూడా కప్పు కింద పెట్టలేదు. మా అక్కకు మళ్లీ కడుపు పండలేదు. ఆ మాట ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. ఏడ్వగా కూడా నేను చూడలేదు.

సభ తర్వాత ముగ్గురం ఒకే ఆటోలో వచ్చినాం. బావ మోకాలి నుంచి రక్తం కారుతోంది. అక్క రోడ్డు చూస్తూ కూర్చుంది. ఇంటికి పోయినాక వేన్నీళ్లు కాచి మోకాలు కడిగింది, పసుపు అద్దింది. ఆయన గట్టిగా మూలిగినా ఆమె చేయి నెమ్మదించలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు పోయాయి. పోట్లాట కాదు, మాటలే పోయాయి. ఈల ఏమైందో నాకు తెలియదు. నేను పోయినప్పుడు మాత్రం ఇద్దరూ నాతో మాట్లాడతారు, నా మీదుగా ఒకరికొకరు కావలసింది చెప్పుకుంటారు.

పెళ్లి భోజనం అయినాక బావను ఇంట్లో దింపడానికి పోయినాను. అక్క వంటింట్లో ఉంది. బావ అరుగు మీద కూర్చుని, కాళ్లు చాపుకుని అన్నాడు.

"మీ యక్క నవ్వితే శానా బాగుంటాదప్పా. నాకు ఆ పొద్దు దంకా తెలీదు."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. ఆమె విన్నదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. లోపలి నుంచే అంది:

"అబ్బీ, ఆయప్పకు మాత్ర ఏసుకునే పొద్దయింది. చెప్పు."

నేను చెప్పాను. ఆయన వేసుకున్నాడు. ఆ ఒక్క మాట ఆయన నోట పుట్టడానికి వాళ్ల కాపురమంతా పట్టింది. పుట్టేసరికి, దాన్ని విని సంతోషపడే వయసు ఆమెను దాటిపోయింది.