చెంప ఆనిన చోటు

మొన్న బుధవారం మదనపల్లెలో పోలీసువాళ్లు ఒక స్కూలు మైదానంలో ఆయుధాల ప్రదర్శన పెట్టారు. కాలేజీలో ఎన్‌సీసీ చేస్తున్న మా మనవరాలు నన్ను వెంటబెట్టుకుని పోయింది. ఎప్పుడూ ఇంట్లోనే ఉండే ముసలిదానికి కాస్త గాలి తగులుతుందని ఆ పిల్ల ఉద్దేశం. తుపాకులను చేత్తో తాకి చూడాలని నా ఉద్దేశం, అది దానికి చెప్పలేదు. షామియానా కింద బల్లలు వేసి, వాటిమీద దుప్పట్లు పరిచి, పాతవీ కొత్తవీ తుపాకులను వరుసగా పడుకోబెట్టారు. ఒక్కొక్క బల్ల దగ్గర ఒక్కొక్క కానిస్టేబుల్ నిలబడి స్కూలు పిల్లలకు వివరిస్తున్నారు. ఉద్యోగమంతా లెక్కల పంతులమ్మగా గడిపినదాన్ని కాబట్టి, ఏదైనా చివరినుంచి వెనక్కి వస్తూ సరిచూసుకోవడం నాకు అలవాటు. అందుకని నేరుగా చివరి బల్ల దగ్గరికే నడిచాను.

అక్కడున్నది సెమీ ఆటోమేటిక్ రైఫిలు. మీట నొక్కినప్పుడల్లా ఒక గుండు పోతుందనీ, తర్వాతి గుండు దానంతటదే వచ్చి కూర్చుంటుందనీ బల్ల దగ్గరున్న లేడీ కానిస్టేబుల్ చెబుతోంది. నా కన్ను మాత్రం దాని కొయ్య మీద పడింది. కొయ్య అని పాత అలవాటు కొద్దీ అంటున్నాను. తుపాకిలో భుజానికి ఆనించుకునే వెనుక భాగాన్ని మా ఇంట్లో అలాగే అనేవాళ్లం. దీనికి ఉన్నది రెండు ఇనుప కడ్డీలూ, చివర ఒక రేకూ, మొదట్లో ఒక కీలూ. తలుపు రెక్కలా పక్కకు మడుచుకుని తుపాకి పొడుగు తగ్గిపోతుంది.

“ఏమవ్వా, అంత దగ్గిరగా సూస్తాండావు? ఎత్తుకుంటావా? గుండ్లు ల్యావులే, బయపడొద్దు” అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

“గుండ్లకి కాదు పాపా, ఆ కీలుకి బయపడతాండా. వదులుండాదా గట్టిగుండాదా?” అన్నాను.

మనవరాలు నా కొంగు పట్టుకుని లాగింది. నేను వినలేదు. తుపాకి అందుకుని, కడ్డీలు విప్పి, అవి టక్కుమని కూర్చున్నాక చివర పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాను. కీలు దగ్గర వెంట్రుకవాసి వదులు ఉంది. చివరి రేకును మోచేతి మడతలో ఆనించి చూపుడువేలు చాపితే మీటను దాటి కొంచెం ముందుకే పోయింది, అంటే నాకు కూడా అది కురచ. ఆ తర్వాత కళ్లు మూసుకుని భుజానికి ఎత్తి, చెంప ఆనించి, కళ్లు తెరిచాను. చల్లటి కడ్డీ దవడ ఎముకకు తగిలింది. చూపు గురి మీద నిలవలేదు, ముఖం పైకెత్తి వెతుక్కోవలసి వచ్చింది. తుపాకి దించేసి, నా తీర్పు చెప్పాను: మడిచి జీపులో పెట్టుకోవడానికి బాగుంది, ఇరుకు సందుల్లో తిరగడానికి బాగుంది, చెంపకు మాత్రం బాగాలేదు.

“ఓయమ్మా! ఇదంతా యాడ నేర్చుకున్యావవ్వా?” అని ఆ అమ్మాయి నోరు తెరిచింది.

ఎక్కడ నేర్చుకున్నానో చెప్పాలంటే పుంగనూరులో మా నాయన అంగడి గురించి చెప్పాలి. మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అడవి అంచు పల్లెల్లో పంట కాపాడుకోవడానికి రైతులకు తుపాకి లైసెన్సులు ఇచ్చేవాళ్లు. వేరుశనగ కాయ పట్టే రోజుల్లో అడవి పందులు గుంపుగా దిగి, తెల్లారేసరికి చేనంతా దున్నేసి పోయేవి. పందిని కొట్టడం కన్నా చప్పుడు చేసి తరమడమే ఆ తుపాకుల పని. బైరెడ్డిపల్లె వైపునుంచీ, వెంకటగిరికోట వైపునుంచీ అలాంటి ఒంటిగొట్టం తుపాకులు మా నాయన దగ్గరికి వచ్చేవి. ఆయన మరమ్మతుకు లైసెన్సున్న వడ్రంగి. ఇనుము జోలికి పోయేవాడు కాదు, కొయ్య పని మాత్రమే. ఇరుగుడు మాను చేవ, అంటే నడిమి గట్టి కొయ్య, కావాలంటే కుప్పం దాకా పోయి, దుంగను గోటితో గీరి, వాసన చూసి మరీ ఏరుకుని వచ్చేవాడు. ఆ దుంగ ఎండడానికి అటక మీద రెండు వానాకాలాలు గడవాలి. తొందరపెట్టిన వాళ్లను వేరే అంగడి చూసుకోమనేవాడు.

చొక్కాకు కొలత తీసినట్టే ఆయన తుపాకికీ కొలత తీసేవాడు. ముందు మోచేతి కొలత. ఆ తర్వాత చెంప కొలత, అదే అసలైనది. తుపాకి తెచ్చిన మనిషి కుడి చెంపకు పసుపు పూసి, కళ్లు మూయించి, తుపాకి ఎత్తమనేవాడు. కళ్లు తెరిచి ఉంటే మనిషే మెడ వంచి తుపాకికి సర్దుకుంటాడట, కళ్లు మూస్తేనే కొయ్యలో ఉన్న తప్పు బయటపడుతుందట. దించాక కొయ్య మీద పసుపు అంటిన చోటు చూసి, ఎక్కడ చెక్కాలో, ఎంత కోయాలో గుర్తు పెట్టుకునేవాడు. మసి అయితే చేవలోకి ఇంకిపోతుంది, నూనె పట్టిన కొయ్య మీద సుద్ద నిలవదు, పసుపైతే అంటుకుంటుంది, తుడిస్తే పోతుంది. అలా ఒక చెంపకు పసుపు పూసుకుని బజారులోకి వచ్చిన మీసాల రైతులను చూసి, ఎదురుగా టీ అంగడి వాళ్లు “ఏమప్పా, పెండ్లి సగంలో లేసొచ్చినావా?” అని ఆటపట్టించేవాళ్లు. ఆ నవ్వులు వినపడితే నాయన అంగడిలో పని ఉందని మాకు ఇంట్లోకి తెలిసేది.

నేను డిగ్రీ ముగించి, ఉద్యోగం రాక, ఇంట్లోనే ఉండి కొయ్యలకు అవిసె నూనె పట్టిస్తున్న ఏడాది మా అత్త వచ్చింది. మా నాయన చెల్లెలు. బైరెడ్డిపల్లె దగ్గరి పల్లెలో ఇచ్చారు. మామ ఆరడుగుల మనిషి, ఆ వేసవిలోనే జ్వరం వచ్చి పోయాడు. ఆయన పోగానే తుపాకి స్టేషనుకు చేరింది. అత్తకు ఉన్నది అడవి పక్కన ఒకే చేను, దాంట్లో వేరుశనగ. కొడుకు ఇంకా బడికి పోయే వయసు. లైసెన్సు తన పేరు మీదికి మార్చమని అర్జీ పెట్టుకుంటే, తుపాకి సరిగ్గా ఎత్తి పట్టుకోగలదని తన ఎదుట చూపించాలని అధికారి అన్నారట. అత్త పొట్టి మనిషి. మామ కొలతకు చేసిన కొయ్య ఆమె భుజానికి ఆనక, గొట్టం గాలికి ఊగే కొమ్మలా ఊగిందట. అధికారి మర్యాదగానే, వచ్చే బుధవారం ఇంకొకసారి చూస్తాననీ, అప్పటికీ కుదరకపోతే తాను సంతకం పెట్టలేననీ చెప్పి పంపారు. చేలో ఊడలు దిగి కాయ గట్టిపడుతోంది. తుపాకి రాకపోతే ఆ ఏడు పంట పందుల పాలే.

నాయన స్టేషనునుంచి మరమ్మతు కాగితం రాయించుకుని తుపాకి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అత్త దాన్ని తాకకముందే షరతు పెట్టింది. కొయ్య పై అంచున అరచెయ్యంత చోటు పాత పీటలా నిగనిగలాడుతోంది. ఏళ్ల తరబడి మామ చెంప రాసుకుని రాసుకుని వచ్చిన నిగారింపు అది.

“అన్నా, ఆయప్ప సెంప పెట్టిన సోటది. దాని మింద రంపం పడిందంటే నాకీ తుపాకే వద్దు.”

“వెనకాలనుంచి కోస్తాను మ్మే, ముందుకి రాను. అయినా ఎంత కొయ్యాల్నో తెలియాల గదా? కోసిన ముక్క మళ్లా అతకదు” అన్నాడు నాయన.

ఆ అంగడికి కొలతకు వచ్చిన మొదటి ఆడమనిషి మా అత్తే. అందుకని కొలత తీసే పని నాయన నాకు అప్పగించాడు. మోచేతి కొలత తీశాను. చెంప దగ్గరికి వచ్చేసరికి అందరం ఆగిపోయాం. భర్త పోయిన మనిషి చెంపకు పసుపు ఎలా పూస్తాం? నాయన తల వంచుకుని విభూతి తెమ్మన్నాడు. తెచ్చి పూశాను. అత్త కళ్లు మూసుకుని ఎత్తి దించితే, కొయ్య మీద బూడిద ఆనవాలే లేదు, పొడిపొడిగా రాలి ఆమె రవిక మీద పడింది. మరోసారి తడిపి పూశాం, అదీ నిలవలేదు.

అత్త నా వైపు తిరిగి, “మేయ్ కోడలా, పసుపు తీసుకురాపో” అంది.

లోపలినుంచి మా అవ్వ, అంటే అత్తకు కన్నతల్లి, గడప దాకా వచ్చింది. తానూ చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. “ఏం పని మే ఇది? మూడు నెల్లు కాలేదు, మొగానికి పసుపా? సూసినోళ్లు ఏమంటారు?” అని గట్టిగా కేకలేసింది.

“పందులు నన్నడిగి వస్తాండాయా మా, మొగుడుండాడా ల్యాడా అని?” అంది అత్త. కోపం లేదు ఆ మాటలో. అవ్వ గడప దగ్గరే చతికిలబడింది. నేను పసుపు తెచ్చాను గానీ పూయడానికి చెయ్యి రాలేదు. అత్తే వేలు ముంచి తన చెంపకు తాను రాసుకుంది.

మొదటిసారి పసుపు నిగారింపుకు చాలా వెనుక పడింది. నాయన మూడు వేళ్ల మందం కోయాలన్నాడు. నేను రెండే చాలు, చాలకపోతే ఇంకొంచెం తీయవచ్చు, ఎక్కువ తీస్తే ఏడ్చినా రాదు అన్నాను. నా మాట విని రెండు వేళ్లే కోశాడు. ఆ రంపం చప్పుడు వినలేక అత్త వీధి వైపు తిరిగి నిలబడింది. రెండోసారి పసుపు నిగారింపు అంచును తాకింది. నాయన పలుచగా ఇంకొక బిళ్ల తీశాడు. మూడోసారి అత్త కళ్లు మూసుకుని ఎత్తి, చెంప ఆనించి, కళ్లు తెరిచింది. గొట్టం ఎదుటి గోడకున్న మేకు మీద కదలకుండా నిలబడింది.

“సరిగ్గుండాది. దించు మ్మే” అన్నాడు నాయన.

“ఉండన్నా” అంది. దించలేదు. చెంప ఇంకా దగ్గరగా ఆనించుకుని, కొయ్య వాసన చూస్తున్నట్టు అలాగే ఉండిపోయింది. నాయన ఉలులు సర్దే నెపంతో పక్కకు తిరిగాడు. చివరికి దించినప్పుడు చూస్తే, పసుపు మొత్తం ఆ నిగారింపు మీదే ఉంది, దాని అంచు దాటి బయటికి రాలేదు.

ఎందుకలా పడిందో నాకు తెలుసు. పొట్టి మనిషికి వెనుక కురచ చేస్తే చెంప ముందుకు జరుగుతుంది, జరిగి జరిగి పొడుగు మనిషి చెంప ఆనిన చోటికే వస్తుంది. ఆ సంగతి కాగితం మీద గీసి చూపించగలను. గీసి చూపించినా, ఆ పూట అంగడిలో అందరం ఆ పసుపు మరక వైపే ఎందుకు చూస్తూ ఉండిపోయామో చెప్పలేను. అవ్వ లేచి వచ్చి తన కొంగుతో అత్త చెంప తుడవబోతే, అత్త ముఖం పక్కకు జరుపుకుని, “ఉండనీమ్మా, బస్సెక్కేదాకా” అంది. అవ్వ కొంగు దించేసింది. ఎదుటి టీ అంగడి వాళ్లు ఆ రోజు ఏ మాటా అనలేదు.

బుధవారం అధికారి చూసి సంతకం పెట్టారు. ఆ ఏడు అత్త వేరుశనగ ఇంటికి వచ్చింది, మా ఇంటికి కూడా ఒక మూట వచ్చింది. తర్వాత చాలా ఏళ్లు కోతల ముందు మంచె మీద ఆ తుపాకి పేలుతూనే ఉండిందట. మోకాళ్లు పట్టేసి మంచె ఎక్కలేని రోజులు వచ్చాక, ఎలక్షన్లప్పుడు అందరితోపాటు స్టేషనులో ఇచ్చిన తుపాకిని తిరిగి తెచ్చుకోలేదు. కొడుకు చేను చుట్టూ కంచె వేయించాడు, వాడికి తుపాకి అక్కరలేకపోయింది. అత్త పోయిన తర్వాత ఒకసారి నేనే వెళ్లి అడిగాను. ఎవరూ తీసుకోని పాత తుపాకులు పై ఆఫీసుకు పోయాయనీ, అక్కడ ఇనుము కరిగించి ఉంటారనీ చెప్పారు. కొయ్యను ఏం చేస్తారని అడగబోయి, జవాబు తెలిసినదే కదా అని తిరిగి వచ్చేశాను.

ఇదంతా ఆ లేడీ కానిస్టేబుల్‌కు చెప్పలేదు. ఒకే మాట అడిగాను, ఈ తుపాకి ఎవరిదని.

“ఎవురిదీ కాదవ్వా. డ్యూటీకి ఏది చేతికొస్తే అది తీసుకుపోతాం. రేప్పొద్దున ఇంగొకరు తీసుకుంటారు” అంది. అది లోపమని నేననను. ఆ పిల్ల ఉద్యోగానికి అలాంటిదే కావాలి. ఎవరి భుజానికైనా సరిపోవాలి, అవసరం తీరితే మడుచుకోవాలి. నేను ఎత్తినప్పుడు నా చెమట కడ్డీకి అంటితే, ఆ అమ్మాయి పసుపుపచ్చ గుడ్డతో ఒక్కసారి తుడిచింది. ఇనుము మళ్లీ ఎప్పటిలా అయిపోయింది.

ఇంటికి వచ్చి నా బీరువా తీశాను. అత్త కొడుకు పెద్దవాడై తండ్రంత పొడుగైతే మళ్లీ బిగించవచ్చని నాయన ఆ రోజు కోసిన ముక్కనూ బిళ్లనూ పారేయకుండా దాచాడు. అతకదని తానే అన్నవాడు, ఎందుకు దాచాడో. ఆయన తర్వాత అవి నా దగ్గరికి వచ్చాయి. ఇరుగుడు చేవ, ఇప్పటికీ ఒక్క పగులు లేదు. ఏటా అవిసె నూనె పట్టిస్తాను. ఎంత పట్టించినా ఆ నిగారింపు రాదు, ఎందుకంటే నేను దాచుకున్నది ఎవరి చెంపా ఆనని ముక్క.