అవ్వ నిన్ననే మాఫ్ చేసింది

పొద్దున మొయినాబాద్‌లో తోపుడుబండి మీది నల్లద్రాక్ష వాసన తగలగానే ఆలూరులోని మా చిన్న చర్చి గుర్తొచ్చింది. మన ఈడు వాళ్లకు గుర్తుందా, ఆదివారం చర్చిలో రొట్టె, రసం పంచే ప్రభు బల్ల కోసం ఇంట్లోనే ద్రాక్షరసం తీసి, సీసా మూతికి తెల్లగుడ్డ కట్టి పెట్టేవాళ్లు? మా సంఘంలో ఆ పని మా అవ్వదే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక శనివారం ఆ సీసా మొత్తం దొంగతనంగా తాగేశాను. మర్నాడు చర్చిలో అందరి ముందు పాస్టరమ్మ అడిగింది.

"రసమేది అవ్వా, మర్చిపోయినవా?"

"తప్పయింది అమ్మగారూ" అని అవ్వ తల వంచుకుంది.

ఆరాధన అయిపోయింది. బయటికి రాగానే అవ్వ కాళ్లు పట్టుకుని ఏడ్చాను.

"అవ్వా, తాగింది నేనే."

"నాకెరికే బిడ్డా. నిన్ననే నీ గౌను మీద మరక చూసిన."

"మరి నన్నెందుకు కొట్టలే?"

"నిన్ననే మాఫ్ చేసిన. నువ్వొచ్చి చెప్తవని చూస్తున్న, గంతే."

అప్పటిదాకా కృప అంటే నాకు పాస్టరు గారు చెప్పే ఒక మాట. నేను ఒప్పుకోకముందే నా తప్పు తన మీద వేసుకుని, క్షమించేసి, నా కోసం ఎదురుచూసేవారు ఒకరుంటారని, నేను చేయాల్సిందల్లా ఏడుస్తూ వెళ్లడమేనని ఆ ఎండలో, అవ్వ కాళ్ల దగ్గర తెలిసింది.