సుద్దముక్కతో వేసిన పద్నాలుగు

నా చిన్నప్పుడు ఒక ఆదివారం, మధ్యాహ్నం దాటేలోగా మా పక్కింటి అక్క పోగొట్టుకున్నవి ఇవి: నవ్వారు మంచం ఒకటి, బొంతలు రెండు, దూది తలగడలు మూడు, తుంగచాప ఒకటి. ఈ ఏడూ పెరట్లో కాలిపోయాయి. ఎనిమిదోది ఆమె అద్దెకుంటున్న ఇల్లు. అది కాలలేదు, చేజారిపోయింది.

గోపాలపట్నంలో ఒకే వరుసలో ఐదు వాటాలు. మాది మూడోది, అక్కది నాలుగోది. మా నాన్న పోర్టులో కళాసీ. అక్క ఆసుపత్రిలో ఆయా. వాళ్ళమ్మా తనూ ఇద్దరే ఉండేవారు. వార్డులో పారేసే చార్టుల వెనకవైపు తెల్లగా ఉంటుందని, అవి పోగుచేసి నాకు తెచ్చి ఇచ్చేది. నాకు కూడికలు, తీసివేతలు బడికంటే ముందు ఆ కాగితాల మీదే వచ్చాయి.

ఆ వేసవిలో వరుసంతా నల్లులు పడ్డాయి. పిల్లల వీపుల మీద దద్దుర్లు, గోడల మీద నెత్తుటి చారలు. ఆసుపత్రి నుంచి ఆమే మోసుకొచ్చిందని గొణుగుడు మొదలైంది. ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకొక్కదానికే తెలుసు. పాత ఇనప సామాన్ల కొట్టాయన తూకం చీటీలు తప్పు లేకుండా కూడిపెట్టానని, బహుమతిగా ఒక పాత బస్సు సీటు దిండు ఇచ్చాడు. దాన్ని నా మంచం కింద పెట్టుకుని, దానిమీద కూర్చుని చదువుకునేదాన్ని. ఒకనాడు దాని రెక్సిను కుట్టు విప్పితే లోపల నల్లగా కదులుతున్నాయి. ఎవరికీ చెప్పకుండా అటకెక్కించేశాను.

ఇంటి యజమానురాలు ఆదివారం పొద్దున్నే వచ్చి తీర్పు చెప్పింది. “నోటి మాటలొద్దు, లెక్కెట్టండి. ఎవలింట్లో ఎక్కువుంటే ఆళ్ళ పక్కలు తగలెట్టి ఇల్లు ఖాళీ సెయ్యాల.” లెక్క ఎవరు పెట్టాలన్నప్పుడు అందరూ నన్నే చూపించారు. “ఆ గుంట సేత ఎట్టించండి, లెక్క తప్పదు” అన్నారు.

మంచాలు గచ్చు మీదికి తెచ్చి వాటి కోళ్ళు నేలకేసి కొట్టారు. రాలినవాటిని చీపురుపుల్లతో ఒక్కొక్కటే కిరసనాయిలు నీళ్ళ డబ్బాలోకి తోసి, ఆ అంకె సుద్దముక్కతో ఆ ఇంటి తలుపు మీద వెయ్యడం నా పని. ఇంటికొక డబ్బా. మొదటి ఇంట్లో ఆరు, రెండో ఇంట్లో తొమ్మిది, ఐదో ఇంట్లో నాలుగు. అక్క మంచంలో ఇరవై మూడు. చివరికి మాది. నలభై ఒకటి. రెండుసార్లు లెక్కపెట్టాను, రెండుసార్లూ అంతే.

మా అమ్మకు అప్పుడు ఎనిమిదో నెల. గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. నేను తలుపు మీద పద్నాలుగు వేశాను. అవే రెండు అంకెలు, అటుదిటు. ఎవరైనా పట్టుకుంటే చెయ్యి తడబడిందని చెప్పొచ్చన్న ఆలోచన, సుద్దముక్క తలుపును తాకకముందే నాకుంది. అందుకే దాన్ని పొరపాటని ఈ రోజుకీ అనలేను.

“నాను సెప్పనేదేటి! ఇరవై మూడంట! ఆసుపత్రి సరుకు మరి!” అని మొదటింటావిడ చేతులు తిప్పింది.

అక్క మా గుమ్మం దగ్గరికొచ్చి మా డబ్బాలోకి వంగి చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత తలుపు మీది అంకె చూసింది, మా అమ్మను చూసింది.

“ఇంకోపాలి లెక్కెడతావేటి, గుంటా?” అని మెల్లగా అడిగింది.

“అక్కర్లేదు. సరిగ్గానే ఉంది” అన్నాను.

“సరే అయితే” అని, ఆ డబ్బా తనే తీసుకెళ్ళి కాలువలో పారబోసింది.

సాయంత్రం బస్సు దాకా రిక్షా ఎక్కి తల్లీకూతుళ్ళు పద్మనాభంలోని చుట్టాలింటికి వెళ్ళిపోయారు. అంత దూరం నుంచి ఆమె రోజూ బస్సులో డ్యూటీకి రావాలి. రిక్షా కదిలేముందు నన్ను పిలిచి చార్టుల కట్ట చేతిలో పెట్టింది. పైకాగితం మీద పెన్సిలుతో ఒక తీసివేత వేసి ఉంది: 41 – 14 =. జవాబు దగ్గర ఖాళీ.

నల్లులు మాత్రం వరుస వదల్లేదు. ఎనిమిది రోజుల తర్వాత ఆ దిండును ఒంటరిగా ఈడ్చుకెళ్ళి గెడ్డ నీళ్ళలో పారేశాను. అప్పుడుగానీ అవి తగ్గలేదు. తగ్గాక లెక్క మళ్ళీ చూద్దామని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. పెద్దయ్యాక పద్మనాభం రెండుసార్లు వెళ్ళాను. ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు. అక్కావాళ్ళెటు వెళ్ళారో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు మద్దిలపాలెంలో అపార్టుమెంటులో ఉంటున్నాను, నాలుగు దుకాణాలకు లెక్కలు రాస్తాను. ఇక లేవనుకున్న నల్లులు మళ్ళీ వచ్చాయి. బస్సుల్లోంచి, సినిమాహాళ్ళలోంచి, పిల్లల హాస్టళ్ళలోంచి సంచుల్లో ఇళ్ళకు చేరుతున్నాయని, పాత మందులకు లొంగడం లేదని మందు కొట్టే అతను చెప్పాడు. మొన్న మా మెట్ల దగ్గర అందరూ చేరి, వాచ్‌మన్ గదిలోంచే వచ్చుంటాయని, వాళ్ళను పంపించేస్తే సరిపోతుందని తేల్చేశారు. వాచ్‌మన్ భార్య చంటిబిడ్డనెత్తుకుని ఓ పక్కన నిలబడి వింటోంది.

నేను పైకి వెళ్ళి మా పరుపు తిరగేశాను. ముప్ఫై ఎనిమిది. కాగితం మీద మా ఫ్లాటు నంబరు, దాని కింద ఆ అంకె పెద్దగా రాసి లిఫ్టు పక్కన అంటించాను.

“ఏటి మేడమ్, పరీక్ష మార్కుల్లాగ అంటించేసారు!” అని కుర్రాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వనీ. సాయంత్రానికి ఇంకో మూడు అంకెలు ఆ కాగితం మీద చేరాయి. వాచ్‌మన్ కుటుంబం ఊసు మళ్ళీ రాలేదు.

దానివల్ల నా పాత లెక్క ఒక్కటి కూడా తగ్గలేదు. ఆమెకు చెల్లాల్సింది ఇంకొకరికి చెల్లిస్తే జమ కాదు. ఆ చార్టు నా బీరువాలోనే ఉంది, సమానం గుర్తు పక్కన ఖాళీ అలాగే ఉంది. జవాబు ఆమె ముందే వెయ్యాలని ఇన్నేళ్ళూ పెన్సిలు పెట్టలేదు.

ఇరవై ఏడు.