పిన్నీసు పెట్టుకున్న అబ్బాయి

మొన్న ఆదివారం మా అమ్మాయి అటక మీది పెట్టె దింపి, అట్ట కవరులోంచి ఆ నల్లటి రికార్డు బయటికి లాగగానే గదంతా ఒక వాసన కమ్ముకుంది. పాత అట్ట వాసన, కలరా ఉండల వాసన, వాటి అడుగున ఎక్కడో బహ్రెయిన్‌లోని తుబ్లీలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తేలే బురద వాసన. ఆ చివరిది నిజంగా ఉందో, నా ముక్కే కల్పించుకుందో చెప్పలేను. ఇప్పుడు మళ్లీ రికార్డుల ఫ్యాషన్ వచ్చిందట. కాలేజీలో చదివే మా పిల్ల ఎవరిదగ్గరో ఒక ప్లేయరు సంపాదించి, మా అమ్మ చిక్కుడుకాయలు వలుచుకుంటున్న గదిలోనే దాన్ని తెచ్చి పెట్టింది. కవరు మీద నలుగురు ఇంగ్లండు కుర్రాళ్లు ఇటుక గోడకి ఆనుకుని, లోకం మొత్తం మీద అలిగినట్టు నిలబడి ఉంటారు. ముందున్నవాడి పసుపుపచ్చ జుట్టుకి దువ్వెన తగిలిన జాడ లేదు, చొక్కా భుజం దగ్గర చిరిగి వేలాడుతూ ఉంటుంది, కుడి చెవికి పిన్నీసు. ఆ పిన్నీసు చూస్తే నాకు ఈ వయసులో కూడా చెవులు వేడెక్కుతాయి.

మేము బహ్రెయిన్‌లో ఉన్నది తొంభైలలో. నాన్న తుబ్లీలో కార్లకి సొట్టలు తీసే షెడ్డులో పనిచేసేవాడు, మేమా షెడ్డు వెనకాలే రెండు గదుల్లో ఉండేవాళ్లం. ఆగస్టులో గుమ్మం దాటితే కళ్లజోడు మీద ఆవిరి పట్టేసేది. ఏసీ కింద పెట్టిన బకెట్టు గంటకోసారి నిండితే ఆ నీళ్లతో అమ్మ బచ్చలి పాదు పెంచేది. శుక్రవారం పొద్దున్నే నాన్న బేకరీ నుంచి కాగితంలో చుట్టిన వేడి రొట్టెలు తెచ్చేవాడు. వాటిని మేము కోనసీమ మనుషులం కాబట్టి ముందురోజు చేపల పులుసులో ముంచుకుని, వేళ్లు నాకుతూ తినేవాళ్లం. ఉగాదికి వేపపువ్వు కోసం రోడ్డు పక్క చెట్ల కింద నాన్న దులుపుతుంటే నేను గౌను పట్టుకుని నిలబడేదాన్ని. కారు నంబరు ప్లేటు ముక్కతో తొక్కుడుబిళ్ల ఆడేదాన్ని, అది జారినంత బాగా మా ఊరి పెంకుముక్క ఏనాడూ జారలేదు.

అమ్మ కమ్మలు వీసాకే కరిగిపోయాయి. మా వైపు ఆడవాళ్లకి ఇది కొత్త కాదు. బంగారం తీసిన రోజే కొబ్బరి చీపురు నుంచి ఈనె విరిచి చెవికి పెట్టుకుంటారు, చిల్లు పూడిపోకుండా, మళ్లీ కమ్మలు వస్తాయనే ఆశ పూడిపోకుండా. అమ్మ ఊరి నుంచి తెచ్చుకున్న ఈనెలు కొన్నాళ్లకి అయిపోయాయి. ఆ దేశంలో కొన్న చీపుర్లన్నీ ప్లాస్టిక్‌వి. అందుకని అమ్మ చిన్న పిన్నీసులు పెట్టుకోవడం మొదలుపెట్టింది. బయటికి వెళ్తే పైట చెవుల మీదుగా లాక్కునేది. కానీ స్కూలు బస్సు దగ్గరికి వచ్చినప్పుడు గాలికి పైట జారేది, ఆ పిన్నీసులు ఎండకి మెరిసేవి, బస్సు కిటికీలన్నీ మా అమ్మ చెవులనే చూస్తున్నాయనిపించి నేను తలవంచుకుని ఎక్కేసేదాన్ని. ఒంటి మీద బంగారం లేకపోవడం కన్నా, లేదని తెలిసిపోవడం నాకు పెద్ద అవమానంగా ఉండేది.

అమ్మ ఒక ఇంగ్లీషు మేడం ఇంట్లో పనికి వెళ్లేది. ఆ ఇంటి మేడమీద, ఇంగ్లండులో ఉంటున్న వాళ్లబ్బాయి గది ఒకటి తాళం లేకుండా అలాగే ఉండేది. ఆ గది అరలో ఈ రికార్డు ముఖం బయటికి పెట్టి ఉండేది. హాల్లో అదే పచ్చజుట్టుతో స్కూలు బట్టల్లో ఉన్న చిన్నపిల్లాడి ఫొటో ఒకటి ఉండేది. ఈ రెండింటికీ రోజూ దుమ్ము దులిపిన అమ్మ, అంతా తనే తేల్చేసుకుంది. చిన్నప్పుడు అంత ముద్దుగా ఉన్న పిల్లాడు పెద్దయ్యాక చితికిపోయాడు, కమ్మలు తాకట్టులో పడ్డాయి, చిల్లు పూడకుండా పిన్నీసు పెట్టుకున్నాడు.

"మగపిల్లాడికి కమ్మలేంటే?" అన్నాడు నాన్న.

"మీ తాతకి లేవా పోగులు? ఆళ్లకీ ఉంటాయి. తల్లి బయటికి చెప్పుకోదు పాపం."

మేడం వాళ్లు బహ్రెయిన్ వదిలి వెళ్లిపోతున్నారని తెలిసిన వారం, అమ్మ మా నాన్న ట్రంకు పెట్టె తీసి, ఆయనకున్న రెండు మంచి చొక్కాల్లో తెల్లదాన్ని ఇస్త్రీ చేసి కాగితంలో చుట్టింది. నాన్న చొక్కా వైపు చూసి, అమ్మ వైపు చూసి, "పోనీలే, ఆ దేశంలో చలి ఎక్కువంట" అన్నాడు. ఆ తర్వాత పెళ్లికైనా పేరంటానికైనా ఆయనకి మిగిలిన ఆ ఒక్క నీలం చొక్కాయే దిక్కయింది.

ఇంగ్లీషు వచ్చేది నాకు. పదేళ్లదాన్ని. సెలవు రోజు అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. ఇల్లంతా అట్టపెట్టెలు. మేడం మెట్ల మీద కూర్చుని ఏవో చుడుతోంది. అమ్మ కాగితం పొట్లం ఆవిడ ముందు పెట్టి, పక్క అట్టపెట్టెలో ఉన్న ఆ రికార్డు మీది కుర్రాణ్ణి చూపించింది.

"చెప్పవే అమ్మడూ. బాబుకి ఇది ఏసుకోమను. కొత్తదే, ఒక్కసారే ఏసుకున్నారని చెప్పు. కమ్మలైతే నా దగ్గరా లేవని చెప్పు."

నేను చెప్పాను. వచ్చినంత ఇంగ్లీషులో, నేల చూస్తూ, ఒక్కొక్క ముక్కా చెప్పాను. మేడంకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొదలుపెట్టింది నవ్వడం. చెడ్డమనిషి కాదు, ఆపుకోవాలనే చూసింది. రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని, భుజాలు అదురుతుండగా, కళ్ల వెంట నీళ్లు కారిపోయేలా నవ్వింది. వీడు ఎవరో పాటలు పాడేవాడనీ, పిన్నీసు వాడి వేషమనీ, తన కొడుకు లండన్‌లో బ్యాంకులో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడనీ ఆ నవ్వు మధ్యలోనే నాకు చెప్పింది.

అమ్మ వెళ్లి మేడం పక్కన మెట్టు మీద కూర్చుంది. ఏనాడూ ఆ ఇంట్లో కూర్చోని మా అమ్మ. చెయ్యి ఆమె వీపు మీద వేసి నిమిరింది.

"ఏడవకండమ్మా. పిల్లలన్నాక దార్లో పడతారు. చెప్పవే ఆవిడికి."

నాకు నేల చీలి లోపలికి వెళ్లిపోతే బాగుండునన్నంత సిగ్గేసింది. అమ్మ మాట మేడంకీ, మేడం మాట అమ్మకీ చెప్పలేదు. మేడం కళ్లు తుడుచుకుని, చొక్కా తీసుకుని, రికార్డు అమ్మ చేతిలో పెట్టి, దాంతోపాటు పాత ప్లేయరు కూడా ఇచ్చేసింది. కన్నతల్లి కొడుకు బొమ్మని తన చేతికి అప్పగించిందనుకుంది అమ్మ. ఎంత చిత్తశుద్ధితో అనుకుందంటే, ఇంటికొచ్చి దాన్ని దేవుడి గూటి పక్కనే నిలబెట్టింది.

ఆ సాయంత్రం నాన్న దాన్ని పెట్టాడు. గిటార్లు రేకు కోస్తున్నట్టు మొదలయ్యాయి, వెనక డప్పు సుత్తిదెబ్బల్లా పడింది, వాడు గొంతు చించుకున్నాడు. "అచ్చం మా షెడ్డే" అని నాన్న తెగ సంబరపడ్డాడు. ప్రతి శుక్రవారం వినేవాడు. మూడో పాటలో గీత పడి సూది అక్కడక్కడే తిరుగుతుంటే వేలితో మెల్లగా ముందుకు నెట్టేవాడు. అమ్మ మాత్రం, "ఎంత కడుపు మండితే అలా అరుత్తాడు బాబు" అని నిట్టూర్చేది.

మొన్న ఆ మూడో పాట దగ్గర సూది మళ్లీ ఆగింది. నెట్టడానికి నాన్న లేడు. షెడ్డు లేదు, బచ్చలి పాదు లేదు, చెవిలో ఈనె పెట్టుకునే మనిషి మా వీధిలో ఒక్కరూ లేరు. ఇన్నేళ్లకి మొదటిసారి మాటలు విడివిడిగా వినిపించాయి నాకు. పనిలేదనీ, గది అద్దె పెరిగిందనీ, పైవాళ్లు నవ్వుతున్నారనీ పాడుతున్నాడు. మా అమ్మ వాడి కడుపుమంటని బాగానే పట్టుకుంది, పిన్నీసు దగ్గరే పొరబడింది. ఆ మాట ఎలా చెప్పాలా, అసలు చెప్పాలా అని నేను ఆలోచిస్తుండగానే మా పిల్ల కవరు తిప్పి చదివింది.

"అమ్మమ్మా, ఈయన చాలా ఫేమస్ తెలుసా? ఈ చిరిగిన చొక్కా, పిన్నీసూ అప్పటి స్టైలు. కావాలనే పెట్టుకున్నాడు."

"మేడం కొడుకు కాదా?"

"ఏ మేడం?"

అమ్మ నా వైపు చూసింది. నేను కవరు వైపు చూశాను. అమ్మ చెయ్యి తనకి తెలియకుండానే చెవి దగ్గరికి వెళ్లి, ఎర్రరాళ్ల కమ్మని ఒకసారి తడిమి, తిరిగి ఒళ్లోని చిక్కుడుకాయల మీద ఆగిపోయింది. రికార్డు గిర్రున తిరుగుతూ ఆ ముక్కనే మళ్లీ మళ్లీ అంటోంది. ఎవ్వరమూ నెట్టలేదు. సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి.

"అయితే," అంది అమ్మ, "ఆ రోజు ఆవిడ ఏడవలేదన్నమాట."