ఏటి వెంబడి మిద్దెల ఊరికి

మా అత్తకు కాలు విరిగిన ఏడాది వానలు వెనకబడి వచ్చాయి. కోయిలకుంట్ల దగ్గర వాళ్ళ ఊరిది నల్లరేగడి. తడిస్తే అందులో దిగిన చెప్పు మళ్ళీ చేతికి రాదు. శనగ చేను చూసి వస్తూ ఆమె గట్టు మీద జారింది. చీలమండ దగ్గర ఎముక విరిగింది. మా ఆయన వెళ్ళి కర్నూలుకు తీసుకొచ్చాడు. డాక్టరు పిండికట్టు వేసి, నెలన్నర దాకా ఆ కాలు నేల మీద మోపకూడదన్నాడు. అలా ఆమె మా ఇంటికి వచ్చింది.

అంతకుముందు ఆమె నన్ను ఒక మాట అన్నదీ లేదు, దగ్గరికి తీసుకున్నదీ లేదు. మేం ఊరికి వెళ్తే బాగా చూసుకునేది. తిరిగి బస్సెక్కేటప్పుడు సంచిలో శనగలు పోసి ఇచ్చేది. అంతే. నేను పుట్టి పెరిగింది మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర. గని లారీలు తూకం వేసేచోట మా నాన్నకు ఉద్యోగం. మా వీధిలో అందరూ పనికోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే. సేద్యం గురించి నాకేమీ తెలియదు. పెళ్ళయిన కొత్తలో జొన్న పైరును చూసి మొక్కజొన్న అన్నాను. ఆమె నవ్వలేదు, సరిచేయనూ లేదు. నవ్వి ఉంటే బాగుండేదని చాలా రోజులు అనుకున్నాను.

మా ఇంట్లో ఉన్నవి రెండు గదులు. నా బల్ల ఉన్న గదిలోనే ఆమెకు మంచం వేశాం. నేను ఇంటి నుంచే పనిచేసేదాన్ని. ఒక కంపెనీ వస్తువులు కొన్నవాళ్ళు రాసే ఫిర్యాదులకు లాప్‌టాప్‌లో జవాబులు పంపాలి. మధ్యాహ్నం భోజనమయ్యాక కాసేపు ఆట ఆడుకోవడం నాకు కాలేజీ రోజుల నుంచి అలవాటు. ఆ ఆటలో గెలుపూ ఓటమీ లేవు. నేల, నీళ్ళు, చెట్లు, కొండలు అన్నీ చదరపు దిమ్మెలుగా ఉంటాయి. వాటిని తవ్వుకుని, నరుక్కుని ఇష్టమొచ్చింది కట్టుకోవచ్చు. అక్కడక్కడా ఊళ్ళుంటాయి. ఆటలో పొద్దు గూకితే మాత్రం చచ్చి లేచిన శవాల్లాంటి పచ్చటి మనుషులు బయటికి వస్తారు. వాళ్ళకు దొరక్కుండా ఏదో ఒక ఇంట్లో దూరాలి.

అత్త ముందు ఆడాలంటే సిగ్గేసి మొదటి వారమంతా మానేశాను. ఆమెకేమో పొద్దుపోయేది కాదు. టీవీ పెడితే అందులో అందరూ ఊరికే ఏడుస్తారని ఆపించేది. కిటికీలోంచి చూస్తే ఎదురింటి నీళ్ళ ట్యాంకు తప్ప మరేమీ కనిపించేది కాదు. రోజూ చేనికి పోయి వచ్చే మనిషి కాలు దిండు మీద పెట్టుకుని గోడకేసి చూస్తూ ఉండేది.

ఒక మధ్యాహ్నం ఆమె నిద్రపోయిందనుకుని ఆట తెరిచాను. ఒక ఊళ్ళో నడుస్తున్నాను. వెనక నుంచి గొంతు వినిపించింది.

"అది యా ఊరు పాపా?"

ఆట అని చెప్పాను. ఏ ఊరూ కాదన్నాను. నేను మూసేయబోతే ఆపింది. "ఉండనీ, చూస్తాండా."

ఆ రోజు నుంచి భోజనం కాగానే మంచాన్ని బల్ల దగ్గరికి జరపమనేది. నేను కొండ కడుపులో బొగ్గు తవ్వుతుంటే ఆమెకు నచ్చేది కాదు. ఊరికి పో, ఊరికి పో అనేది. తీరా ఊరికి పోతే అక్కడ ఏదీ ఆమెకు నచ్చేది కాదు. ఆ ఊరి మనుషులకు పొడుగు ముక్కులు. చేతులు రెండూ చొక్కాలో దూర్చుకుని నిలబడి ఉంటారు. ఇళ్ళల్లో మంచం తప్ప పొయ్యి ఉండదు. బావి ఉంటుంది కానీ చేదేవాళ్ళు లేరు. గొర్రెలు ఎవరివో తెలియదు. ఈళ్ళు ఏం తింటారు, ఈళ్ళ పిల్లలు యాడ ఉండారు, పెద్దోళ్ళు యాడ ఉండారు అని ఒకటే ప్రశ్నలు. ఆట రాసినవాళ్ళు అంతకంటే పెట్టలేదని నేను చెబితే, మనుషులున్న ఊరంటే అట్లుండదని తీర్పు చెప్పేసింది.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఇలాంటి ఆటలకు మోడ్ అని ఒకటి ఉంటుంది. ఆడేవాళ్ళలోనే తెలిసినవాళ్ళెవరో రాసి, అందరూ వాడుకోవడానికి నెట్‌లో పెడతారు. మన ఆటలో కలుపుకుంటే ఆ మేరకు ఆట మారిపోతుంది. వెతికితే ఊళ్ళను మొత్తంగా మార్చే మోడ్ ఒకటి దొరికింది. బొమ్మల్లో సంతలు, కొట్టాలు, పనిచేస్తున్న మనుషులు కనిపించారు. అత్తకు చూపిస్తే ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"దీన్ని మన దాంట్లోకి తెప్పించగలవా?"

మన దాంట్లోకి అనడం నాకు బాగా అనిపించింది.

అంతవరకూ నేను మోడ్ జోలికి పోలేదు. ఎక్కడ ఏం చెడుతుందో అని ముందు నా పాత లోకాన్ని మొత్తం వేరే చోట కాపీ చేసి పెట్టుకున్నాను. మోడ్‌లను నడిపించే చిన్న ప్రోగ్రాం ఒకటి ఎక్కించాను. దింపుకున్న ఫైలును చెప్పిన ఫోల్డర్‌లో వేసి ఆట తెరిచాను. మొదటి తెర సగం వచ్చి ఆగిపోయింది. తర్వాత నల్లటి తెర మీద వరసగా ఎర్ర అక్షరాలు. అత్త వేరుశనక్కాయలు ఒలవడం ఆపింది. చెడిపోయిందా అని అడిగింది. లేదన్నాను కానీ నాకూ భయంగానే ఉంది. చదివి చూస్తే, నా ఆట కొత్తది, నేను దింపిన మోడ్ పాత ఆటకు రాసింది. సరైనది వెతికి వేశాను. మళ్ళీ ఎర్ర అక్షరాలు. ఈసారి మోడ్‌కు తోడుగా ఉండాల్సిన ఇంకో ఫైలు లేదట. ఈలోగా పని వేళయింది. ఫిర్యాదులకు జవాబులు రాస్తూ మధ్యలో దాని కోసం వెతుకుతూనే ఉన్నాను. అత్త ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు. ఒలిచిన గింజలు గిన్నెలో పోసి నా పక్కకు జరిపింది.

మర్నాడు ఆట తెరుచుకుంది. సంతోషంగా ఆటలోని మా పాత ఊరికి పోయి చూస్తే అదే ఊరు, అవే ముక్కులు. ఏమీ మారలేదు. అత్త ముఖం చిన్నబోయింది. నాకు కాసేపటికి గాని అర్థం కాలేదు. ఆటలో మనం ఒకసారి చూసిన నేల అలాగే ఉండిపోతుంది. ఇంతవరకూ అడుగు పెట్టని చోటికి పోతేనే కొత్త ఊళ్ళు కనిపిస్తాయి. అది చెప్పగానే ఆమె నిటారుగా కూర్చుంది.

"అయితే పోదాం పా. ఏటి వెంబడి పో. నీళ్ళు ల్యాకుండా ఊరుండదు."

నిజానికి ఆ ఆటలో ఊళ్ళు నీళ్ళు చూసుకుని పుట్టవు. అయినా ఏటి వెంబడే పోయాను. పడవ చేసుకుని పోతుంటే ఒడ్డున చెట్లు పల్చబడ్డాయి. పచ్చిక పోయి ఎర్ర ఇసుక వచ్చింది. రెండు చోట్ల దారి తప్పాం. ఒకచోట రాత్రయితే మట్టిలో గుంత తవ్వి అందులో దాక్కున్నాను. గుంత మీద మూత గట్టిగా ఉందా లేదా అని ఆమె రెండుసార్లు చూడమంది. తెల్లారి ఒక దిన్నె ఎక్కేసరికి అవతల ఊరు కనిపించింది. చదును కప్పుల ఇళ్ళు, మధ్యలో సంత, ఒక పక్క పశువుల కొట్టం. మనుషులు మోపులెత్తుకుని పోతున్నారు. పిల్లలు పరిగెత్తుతున్నారు. ఎవరికీ పొడుగు ముక్కు లేదు.

అత్త మెల్లగా, "మిద్దెలు పాపా" అంది. వాళ్ళ ఊళ్ళోనూ ఇళ్ళు అలాంటి చదును కప్పులవే.

ఆ ఊళ్ళో మేం చాలా మధ్యాహ్నాలు గడిపాం. ఊరి చివర ఇంట్లో తెల్లగడ్డం రైతు ఒకాయన ఉండేవాడు. పొద్దున్నే తలుపు తీసుకుని తోట దగ్గరికి పోయేవాడు, ఆటలో సాయంత్రం అయితే తిరిగి వచ్చేవాడు. అత్తకు ఆయనంటే అభిమానం. రోజూ ముందుగా ఆయన్ను చూసి, ఆ తర్వాతే మిగతా ఊరు చూసేది. ఒక రోజు నేను కొండ దగ్గర రాయి తవ్వుతూ ఆలస్యం చేశాను. వచ్చేసరికి ఆటలో చీకటి పడింది. పచ్చటి మనుషులు ఊళ్ళోకి జొరబడ్డారు. నేను ఇద్దరిని కొట్టాను గానీ, తెల్లారి చూస్తే రైతు లేడు. తోటలో పని చేసేవాళ్ళు లేరు. ఇంటి తలుపు తెరిచి ఉంది.

ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మోడ్ వేయకముందు తీసిన కాపీ ఉందని, దాన్ని వెనక్కి పెడితే ఇదంతా జరగనట్టే అవుతుందని చెప్పాను. అదే లోకం కాబట్టి ఊరు మళ్ళీ అదే చోట పుడుతుంది. కాకపోతే మనం మొదటి నుంచి నడవాలి, ఇక్కడ చేసిందంతా పోతుంది. తెమ్మంటారా అని అడిగాను.

"తిప్పి తెచ్చే వీలుండాక అడిగేదేంది పాపా. తే."

అలా మళ్ళీ ఏటి వెంబడి బయల్దేరాం. ఈసారి దారి తెలుసు కాబట్టి తొందరపడలేదు. పడవ పోతుంటే ఆమె మా మామ గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆయన మా పెళ్ళికి ముందే పోయారు. నేను చూసింది ఫొటోలోనే. వాళ్ళ మిద్దె మీద వాన నీళ్ళు నిలిస్తే ఆయన అర్ధరాత్రయినా పైకెక్కి, నీళ్ళు ఇంట్లోకి కారకుండా చౌడు మట్టి తొక్కేవాడని, నిచ్చెన పట్టుకోమని ఈమెను లేపేవాడని చెప్పింది. నిద్ర చెడగొడతాడని ఎన్నోసార్లు తిట్టుకుందట. చెప్తూ చెప్తూ నవ్వింది. పెళ్ళయిన మూడేళ్ళలో ఆమె నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. పడవ ఒడ్డుకు తగిలినా నేను వెంటనే దిగలేదు.

ఊరు అదే చోట ఉంది. చివరి ఇంట్లో తెల్లగడ్డం మనిషి కూడా ఉన్నాడు. అయితే అతని చొక్కా రంగు వేరుగా ఉన్నట్టు నాకు అనిపించింది. మనుషులను ఆట కొత్తగా పుట్టించి ఉండొచ్చు. ఆ మాట అనబోయి ఆమె వైపు చూశాను. ఆమె అప్పటికే కళ్ళజోడు సర్దుకుని చూస్తోంది.

"ఆయప్పే" అంది. నేను అవును, ఆయనే అన్నాను.

ఇక గోడ కట్టందే కదలనివ్వలేదు. కొండ నుంచి బండ తెచ్చి ఊరి చుట్టూ మనిషెత్తుకు పైగా కట్టాను. తోట కూడా గోడ లోపలికి రావాలంది. కొట్టం వెనక సందు ఉంచమంది, పేడ ఎత్తడానికట. ఆటలో పేడ ఉండదని చెప్పినా వినలేదు, సందు ఉంచాను. ఒక సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి తొందరగా వచ్చాడు. మంచం మీద తల్లి వేలు చూపిస్తూ ఇంకా రెండు వరసలు లేపమంటోంది, నేను లేపుతున్నాను. వాకిట్లో బూట్లు విప్పుతూ ఆగిపోయాడు.

"ఏంది మా, ఆటాడతాండావా?"

"ఆటేంది రా. ఊరికి గోడ కట్టిస్తాండా. నువ్వు పోయి టీ పెట్టు, ఆ పాప పొద్దున్నుంచి వంచిన నడుం ఎత్తల్యా."

ఆయన నా వైపు చూశాడు, టీ పెట్టడానికి పోయాడు.

కట్టు విప్పాక కూడా కొన్నాళ్ళు నీళ్ళ బిందెలు ఎత్తొద్దన్నారు. నేను లాప్‌టాప్ సర్దుకుని తోడుగా ఆమె ఊరికి వెళ్ళాను. ఈసారి నెల రోజుల దాకా ఉన్నాను. వెళ్ళిన మర్నాడే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు వచ్చారు. కాలు ఎలా ఉందని అడిగి, నా వైపు తిరిగి నువ్వు ఊర్లు కడతావంట గదమ్మా అన్నారు. ఫోన్లో ఈమె అందరికీ చెప్పేసిందని అప్పుడు తెలిసింది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అత్తకు మాత్రం ఆ సందేహమే లేదు. చూపించు పాపా అంది.

వరండాలో చాప వేసి తెర తెరిచాను. వాళ్ళంతా ఒంగి చూశారు. గోడ బాగుందన్నారు. ఎదురింటి పెద్దావిడ మాత్రం ఊరి వాకిలి పడమటికి ఎందుకు పెట్టారని అడిగింది. ఏరు ఆ పక్కన ఉందని అత్త చెప్పింది. ఏరుంటే ఏం, వాకిలి తూర్పుకే ఉండాలని ఆమె పట్టుబట్టింది. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. చివరికి అత్త నా భుజం మీద చెయ్యి వేసి, కట్టింది మా కోడలు, అడగాల్సింది ఆమెను అంది.

అందరూ నా వైపు చూశారు. రెండు దిక్కులా రెండు వాకిళ్ళు పెడదామన్నాను. తూర్పు గోడలో రాళ్ళు ఊడదీస్తుంటే వాళ్ళు చాప మీద ఇంకా దగ్గరికి జరిగారు.