గెలిచే గుర్రం పేరు నేనే చెప్పాను

మొన్న ఆదివారం పందెంలో ఏ గుర్రం గెలుస్తుందో నేను మైకులో ముందే చెప్పేశాను. కరెక్ట్‌గానే చెప్పాను. కానీ అది ఓడిపోయింది. ఎందుకు ఓడిపోయిందంటే, నా వల్లే! కూర్చోండి, టీ చెప్పండి, మొత్తం చెబుతాను. కాశీబుగ్గలో అప్పుడే తలో రకంగా చెప్పుకుంటున్నారు. నా నోటితో వింటే కాస్త పరువైనా మిగులుతుంది.

నాది మైకు సెట్టు, టెంట్ల వ్యాపారమని మీకు తెలుసు. ఒకప్పుడు పెళ్ళి ఊరేగింపులకి నా దగ్గర గుర్రం కూడా ఉండేది. పేరు మల్లి. ఒళ్ళంతా తెలుపు, నుదుటి మీద మాత్రం టీ ఒలికినట్టు ఒక మచ్చ. పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి పెంచాను. ఎక్కడ పెళ్ళైనా మా ఇద్దరి పద్ధతి ఒక్కటే. ముందు హారన్లు కట్టి, వైర్లు లాగి, మైకు మీద రెండుసార్లు తట్టి "హలో... చెక్... చెక్... మైక్ టెస్టింగ్" అనేవాణ్ణి. సౌండ్ వచ్చిందంటే నా టెన్షన్ పోయినట్టే. ఆ సంతోషంలో మల్లి దగ్గరికెళ్ళి జేబులోంచి బెల్లం ముక్క తీసి పెట్టేవాణ్ణి. కొన్నాళ్ళకి నేను వెళ్ళడం మానేశాను, టెస్టింగ్ అవగానే అదే వచ్చి నా జేబులో మూతి పెట్టేది. ఒకసారి మందసలో పెళ్ళికూతురి తాతగారి మంచం మీంచి దూకి మరీ వచ్చింది. తాతగారు మంచం మీదే ఉన్నారు!

మూడేళ్ళ కిందట నాకు పెళ్ళయింది. మా కుమారికి గుర్రం వెంట్రుక పడదు. ఒకటే తుమ్ములు! మల్లి పెరట్లో ఉంటే ఈవిడ వంటింట్లో తుమ్మేది. ఒకరోజు ఊపిరాడక ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. "ఇంట్లో గుర్రమైనా ఉండాలి, ఈవిడైనా ఉండాలి" అన్నారు డాక్టరు గారు. ఆలోచించుకోడానికి ఒక్కరోజు టైం అడిగాను. ఆ ఒక్కరోజు సంగతి కుమారి ఇప్పటికీ ఎత్తి పొడుస్తూనే ఉంటుంది.

మల్లిని నందిగాం సింహాచలం మావకి అమ్మేశాను. ఆయనా పెళ్ళిళ్ళకి గుర్రాలు తిప్పుతాడు, జంతువుల్ని బాగా చూసుకుంటాడు. మొదట్లో వారం వారం వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. ఒకరోజు మావ నన్ను గుమ్మంలోనే ఆపేశాడు.

"అల్లుడూ, నువ్వొచ్చి ఎల్లిన కాణ్ణుంచీ అది గడ్డి ముట్టదు. దారికేసే సూత్తాది. దాని మీద పేమ ఉంటే ఇంక దానికి కనబడకు."

మాటిచ్చాను. ఆ తర్వాత వెళ్ళలేదు. టెక్కలి బస్సెక్కినప్పుడల్లా నందిగాం దగ్గర కిటికీ పక్కకి జరిగి కూర్చోడం మాత్రం మానలేకపోయాను. ఒక్కోసారి పొలం గట్టు మీద తెల్లగా కనబడేది. మేస్తూ ఉండేది, తలెత్తేది కాదు. మర్చిపోయి ఉంటుందిలే, హాయిగా తింటోంది కదా అనుకునేవాణ్ణి. అనుకున్నంత హాయిగా ఏం ఉండేది కాదు నాకు.

ఇక అసలు విషయానికొస్తా. మా అత్తారి ఊరు ఉద్దానంలో, సముద్రం పక్కనే. అమ్మవారి సంబరానికి ఏటా గుర్రాల పరుగు పెడతారు. ఈసారి మా బావమరిది రాజేషు కమిటీలో చేరాడు. వాడు ఫోన్లో ఫారిన్ పందేలు చూశాడట, గుర్రాలు కంచెలు దూకుతూ పరిగెడతాయే, అవి. "మనకాడా అదే పెడదాం బావా! మైకు నీదే, కామెంటరీ నీదే!" అన్నాడు. కొబ్బరి తోటల మధ్య ఇసక బాటలో మూడు అడ్డంకులు పెట్టారు. మొదట కొబ్బరి మట్టల కంచె, తర్వాత అడ్డంగా పడుకోబెట్టిన కొబ్బరి దుంగ, చివర్లో నీళ్ళ కాలవ. సరుగుడు తోట చుట్టి మళ్ళీ స్టేజీ ముందుకొస్తే పందెం అయిపోయినట్టు.

ముందురోజు సింహాచలం మావ ఫోన్ చేశాడు. మల్లి కూడా పరిగెడుతోందట!

"బరంపురం నుంచి బ్యాండు మేళం బాబు ఒకాయన వత్తన్నాడు. మల్లి గెలిత్తే కొనుక్కుంటానన్నాడు. పందెం గెలిచిన గుర్రమంటే అక్కడి పెళ్ళిళ్ళలో గిరాకీ అంట. గెలవకపోతే నాకాడే ఉంటాది. నువ్వు మాత్రం దాని కంట పడకు."

"పడను మావా" అన్నాను. ఫోన్ పెట్టేశాక అర్థమైంది. గెలిస్తే బరంపురం. బరంపురం వైపు నాకు పెళ్ళిళ్ళుండవు, టెక్కలి బస్సు అటు పోదు. ఇక ఆ తెల్లటి వీపు కూడా కనబడదన్నమాట!

ఆదివారం పొద్దున్న గుర్రాలింకా రాకముందే స్టేజీ ఎక్కి ప్రివ్యూ మొదలుపెట్టాను. జనం విరగబడ్డారు. "మందస నల్లగుర్రం! చూడ్డానికి ఏనుగంత. కానీ నీళ్ళంటే భయం. వానాకాలంలో రోడ్డు మీద గుంట కనబడితే చుట్టు తిరిగి పోతుంది. కాలవ దగ్గర ఆగిపోవడం గ్యారంటీ! టెక్కలి గుర్రం! పెళ్ళిళ్ళలో పేరు మోసింది. డప్పు వినబడితే చాలు, ఉన్నచోటే డాన్సు. ఈరోజు డప్పులున్నాయి కాబట్టి దాన్ని డాన్సుకే చూడండి! ఇచ్ఛాపురం గుర్రం! మంచి గుర్రమే, కానీ దానికి ఒడియా తప్ప రాదు. ఎక్కేది తెలుగు కుర్రాడు. ఒడియాలో 'ఆగు' అనడం ఒక్కటే నేర్చుకున్నాడట! నిమ్మాడ ఎర్రగుర్రం! వయసైపోయింది, ఇసకలో ఆయాసం. నమ్మకస్తురాలే గానీ నడకే ఎక్కువ!"

ఈలలు, చప్పట్లు. ఇక మిగిలింది మల్లి. కింద మొదటి వరసలో కూర్చున్న కుమారి నా మొహంకేసే చూస్తోంది. మల్లికి కాలు నొప్పి అనో, ఇసక పడదనో అనొచ్చు. నా జోస్యం వల్ల గుర్రం ఓడిపోదని నాకూ తెలుసు. అయినా దాని మీద అబద్ధం నోటికి రాలేదు.

"నందిగాం మల్లి!" అన్నాను. "అడ్డం ఏదున్నా దూకేస్తుంది. నీళ్ళకి బెదరదు, డప్పుకి చెదరదు. రాసిపెట్టుకోండి, గెలిచేది మల్లే!"

స్టేజీ దిగగానే కుమారి పట్టుకుంది. "గెలిత్తే ఎల్లిపోద్ది కదా బావా?"

"పోతే పోద్ది. లేనిపోని వంకలు పెట్టమంటావేటి?"

"పెట్టమన్లేదు. కళ్ళు తుడుసుకోమంటన్నాను. అందరూ సూత్తన్నారు."

"ఇసక పడింది" అన్నాను.

మధ్యాహ్నం గుర్రాలు వచ్చాయి. నేను స్టేజీ మీద ఫ్లెక్సీ వెనకాల దాక్కుని, చిన్న చిరుగులోంచి చూస్తూ మైకు పట్టుకున్నాను. మాటంటే మాటే! మల్లి వ్యాను దిగింది. కాస్త ఒళ్ళు చేసింది. జూలు కొత్త రకంగా కత్తిరించారు, నాకు నచ్చలేదు. అది అటూ ఇటూ చూసి, పక్కనున్న గుర్రం మేత లాక్కుని తినడం మొదలెట్టింది. నా మైకు గొంతు నాలుగు దిక్కులా మోగుతోంది, అది చెవి ఒకసారి ఆడించింది, అంతే. ఈగ వాలిందేమో! సరే, మర్చిపోయింది. మంచిదే. మంచిదేనని ఎన్నిసార్లు అనుకున్నానో.

జెండా ఊపారు. పరుగు మొదలైంది!

ఇక చూస్కోండి, నేను చెప్పినవి చెప్పినట్టు జరిగాయి. డప్పుల దగ్గరికి రాగానే టెక్కలి గుర్రం ఆగి కాళ్ళు తిప్పడం మొదలెట్టింది, పైనున్నవాడు దిగి దండం పెట్టినా కదల్లేదు. ఇచ్ఛాపురం గుర్రం మట్టల కంచె ముందు కాస్త తడబడింది. కుర్రాడు కంగారులో తనకొచ్చిన ఒకే ఒక్క మాట అన్నాడు. అది బుద్ధిగా ఆగిపోయింది. మందస నల్లగుర్రం కాలవని చూసి వెనక్కి తిరిగి ఇంటి దారి పట్టింది. మల్లి మాత్రం మట్టలు దూకి, దుంగ దూకి, కాలవ మీంచి కొంగ ఎగిరినట్టు ఎగిరింది! నేను ఊగిపోతున్నాను. "మల్లీ! మల్లీ! చెప్పానా లేదా!" వెనకెక్కడో నిమ్మాడ ఎర్రగుర్రం కాలవ నెమ్మదిగా దాటి, ఆయాసపడుతూ నడిచొస్తోంది.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. మైకు చచ్చింది. మల్లి స్టేజీ వైపు వచ్చేస్తోంది, గెలుపు గీతకి కాస్త దూరంలో ఉంది. నేను జనరేటర్ తాడు లాగాను. అది అందుకుంది. చిన్న లైటు వెలిగింది. మైకు చేతిలోకి తీసుకున్నాను.

కరెంటు పోయి వస్తే మైకువాడు ఏం చేస్తాడు? ఎన్నో ఏళ్ళ అలవాటు! రెండుసార్లు తట్టాను. "హలో... చెక్... చెక్... మైక్ టెస్టింగ్..."

మల్లి ఆగిపోయింది. అంత పరుగులో ఉన్నది కాళ్ళు ఇసకలో పాతేసినట్టు ఆగింది. పైనున్న కుర్రాడు జారి గడ్డివాములో పడ్డాడు, పాపం దెబ్బ తగల్లేదు. రెండు చెవులూ నిక్కబొడుచుకుంది. హారన్లు దారి పొడుగునా నేనే కట్టాను కదా, ఎటు వెళ్ళాలో తెలియక ఒక చుట్టు తిరిగింది. తర్వాత స్టేజీ వైపు చూసింది. తాడు కంచె దూకింది, ప్లాస్టిక్ కుర్చీల వరస దూకింది, కమిటీ వాళ్ళ కూల్‌డ్రింకు పెట్టెలు దూకింది. ఆ రోజు మొత్తం మీద మంచి గెంతులన్నీ పందెం బాట బయటే! స్టేజీ ఎక్కి, ఫ్లెక్సీ చింపుకుని, నా జేబులో మూతి పెట్టింది.

మైకు ఆన్‌లోనే ఉంది. "ఓసి నా తల్లీ, మర్సిపోలేదటే నువ్వు?" అని నేను ఏడ్చిన ఏడుపు సరుగుడు తోట దాకా వినబడిందట.

ఈలోగా నిమ్మాడ ఎర్రగుర్రం నడుచుకుంటూ వచ్చి గీత దాటింది. విన్నర్ పేరు ప్రకటించాల్సింది నేనే. ముక్కు తుడుచుకుని ప్రకటించాను.

బరంపురం బాబు చేతులు దులుపుకున్నాడు. "పిలిస్తే ఎటంటే అటు పోయే గుర్రం నాకేల?" అని కారెక్కి వెళ్ళిపోయాడు. సింహాచలం మావ స్టేజీ ఎక్కాడు. కళ్ళెర్రగా ఉన్నాయి.

"కనబడకన్నాను కదరా అల్లుడూ!"

"కనబడలేదు మావా! నువ్వు వినబడకు అన్లేదు కదా?"

ఆయన నన్నూ, గుర్రాన్నీ మార్చి మార్చి చూశాడు. అది ఇంకా నా జేబు వదల్లేదు. "ఇయ్యాల రాత్రికి మళ్ళీ గడ్డి ముట్టదు. నువ్వే వచ్చి తినిపించు. ఇంక వారం వారం నువ్వే తినిపించుకో, నా వల్ల కాదు" అని విసుక్కుంటూ పగ్గం అందుకున్నాడు.

మల్లిని వ్యాను ఎక్కించి తీసుకెళ్ళిపోయాడు. అది వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. నేనూ.

ఇప్పుడు నా పరిస్థితేంటంటే, మల్లి బరంపురం పోకుండా కావాలనే చేశానని ఊరంతా అనుకుంటోంది. రాజేషు మాట్లాడ్డం లేదు. నా జోస్యం తప్పాక, వాన పడుతుందా అని కూడా నన్నెవరూ అడగట్లేదు. ఒట్టు, నేను కావాలని అన్లేదు! ఇంటికొచ్చి కుమారికీ అదే చెప్పాను. ఆవిడ నా చొక్కా ఉతకడానికి తీసి, ముందు గట్టిగా నాలుగు తుమ్ములు తుమ్మింది. గుర్రం వెంట్రుకలు మరి.

"ఒట్టేసి సెప్పు బావా. మర్సిపోయే అన్నావా ఆ మాట?"

"మర్చిపోయే అన్నాను. అలవాటులో వచ్చేసింది."

ఆవిడ చొక్కా జేబు తిరగేసి చూపించింది. మూతి తడికి కరిగి అంటుకున్న బెల్లం. "మరి ఇదేటి?"

"అదీ మర్చిపోయే వేసుకున్నాను."

"గుర్రాన్ని అమ్మేసి మూడేళ్ళయ్యింది. చొక్కా ఉతికినప్పుడల్లా జేబులో చీమలే. రోజూ మర్సిపోతన్నావేటి?"