తెరలో నా సగం

దుబాయ్ నుంచి అల్ ఐన్ వెళ్ళే రోడ్డు మీద కారు కాస్త అంచుకి జరిగితే చాలు, అక్కడ వేసిన గరుకు చారల మీదకి టైరు ఎక్కి స్టీరింగు గుర్రుమంటుంది. ఆ వణుకు అరచేతుల్లో మొదలై మోచేతుల దాకా పాకుతుంది. కునుకు తీసే డ్రైవర్లని లేపడానికి వేసిన చారలవి. నాకు మాత్రం అవి తగిలినప్పుడల్లా అల్ కుసైస్‌లో ఒక మూడో అంతస్తు హాలు గుర్తొస్తుంది. ఆ హాల్లో సోఫా మీద కూర్చుని వీడియో గేమ్ ఆడేటప్పుడు, మా ట్యాంకుకి దెబ్బ తగిలిన ప్రతిసారీ చేతిలోని రిమోట్ సరిగ్గా ఇలాగే వణికేది. పక్కన కాళ్ళు మడుచుకుని కూర్చున్న స్వరూపక్క తల తిప్పకుండానే అడిగేది: “ఎనకనుంచి కొడుతున్రు పిల్లా, నువ్వేడ చూస్తున్నవ్?” నేను ఎక్కడ చూస్తున్నానో ఆమెకి తెలియక కాదు. చాలాసార్లు ఆమె వైపే చూస్తూ ఉండేదాన్ని.

స్వరూపక్కది జగిత్యాల. మా వీధిలోనే ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చునేది. భర్త రాజేందర్ గారు ఖోర్ ఫక్కాన్ పోర్టులో క్రేన్లు బాగుచేసే పని చేసేవారు. వారమంతా అక్కడే ఉండి, సెలవురోజుకి కొండల మధ్య రోడ్డున కారు నడుపుకుంటూ ఇంటికి వచ్చేవారు. నేను అదే బిల్డింగులో మరో ముగ్గురు ఆడపిల్లలతో ఒక గది పంచుకుని ఉండేదాన్ని. తెనాలిలో గిన్నెల కొట్టు మాది. నడక రాకముందే గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టారట నన్ను. కొనడానికి వెళ్తే ఇష్టపడ్డ వస్తువు వైపు చూడకూడదని, అమ్మడానికి కూర్చుంటే మన అవసరం ముఖంలో కనపడకూడదని, రెండు చేతులూ తక్కెడ మీద ఉన్నా కళ్ళు మాత్రం ఎదుటి కొట్టులోకి ఎవరు వెళ్తున్నారో కనిపెట్టాలని మా నాన్న నేర్పారు. ఈ విద్యలన్నీ వచ్చేశాయన్న గర్వంతోనే నేను దుబాయ్ విమానం ఎక్కాను.

ఆమెకీ నాకూ పరిచయం ఒక పాత మైక్రోవేవ్ వల్ల జరిగింది. అమ్ముతానని ఆమె బిల్డింగు గ్రూపులో పెట్టింది. నేను వెళ్ళేముందు బేరానికి కావలసిన సరంజామా అంతా సిద్ధం చేసుకున్నాను: రంగు పోయిందనాలి, కంపెనీ పాతదనాలి, ఇంకోచోట చూసి వచ్చానని అబద్ధమాడాలి. తలుపు తీసి, కూర్చోమని కూడా అనకముందే ఆమె మొదలుపెట్టింది. “ముందుగాలనే చెప్తున్న. లోపల పళ్ళెం తిరుగది. బటన్ గట్టిగ ఒత్తాలె. తలుపు ఎన్నడో ఒకనాడు ఊడి చేతిలకొస్తదని నాకు బుగులు.” మావైపు భయం అనేదాన్ని ఆమె బుగులు అనేది. అమ్మేవాళ్ళే వస్తువుకి వంకలు పెట్టేస్తే కొనేవాళ్ళు ఏం మాట్లాడాలో మా నాన్న నాకు నేర్పలేదు. అలవాటు కొద్దీ, కాస్త తగ్గించమన్నాను. “తగ్గించుడేంది, ఊకనే తీస్కపో. చాయ్ తాగుతవా?” అంది. ఉచితంగా దొరికిన మైక్రోవేవ్‌ని మోసుకుంటూ మెట్లు దిగుతుంటే, జీవితంలో మొదటిసారి బేరంలో ఓడిపోయినట్టు అనిపించింది.

ఆ చాయ్ తాగేటప్పుడే టీవీ మీద ఆగి ఉన్న ట్యాంకుని చూశాను. గేమ్ పెట్టె రాజేందర్ గారిది. కరోనా మొదలైన ఏడాది రోడ్లు మూసేసినప్పుడు ఆయన అక్కడే చిక్కుకుపోయారు. ఫోనులో అయితే తిన్నావా, తిన్నాను అన్న రెండు ముక్కలతో ఆయన మాట అయిపోయేదట. అదే గేమ్‌లో ఒకే బండి ఎక్కి, ఆయన అక్కడ గదిలో ఒకాయన పెట్టె మీదా ఆమె ఇక్కడా ఆడుతుంటే గంటలకొద్దీ మాట్లాడేవారట. అలా ఆమెకి అలవాటైంది. తర్వాత ఆయన షిఫ్టులు మారి సాయంత్రాలు కుదరకపోయేసరికి, బండి ఉంది, తోడు లేదు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, తుపాకి పేలుస్తావా అని, బియ్యం ఏరిపెడతావా అన్నంత మామూలుగా అడిగింది.

మేము ఆడింది ఒకటే ఘట్టం, నెలల తరబడి. శత్రువులు చుట్టుముట్టిన ఊళ్ళోంచి గాయపడ్డవాళ్ళున్న లారీని నది దాటించాలి. లారీ ముందు మా ట్యాంకు. తోలేది ఆమె, పైన తుపాకి దగ్గర నేను. తోలేవాళ్ళకి ముందున్న సన్నటి సందు తప్ప ఏమీ కనపడదు. తుపాకి దగ్గరున్నవాళ్ళకి చుట్టూ కనిపిస్తుంది. అందుకే టీవీ తెర అడ్డంగా రెండు ముక్కలై ఉంటుంది. పై సగం ఆమెది, కింది సగం నాది. నా సగంలో కూలిన మేడలు, వాటి వెనకనుంచి రాకెట్లు ఎత్తుకుని లేచే మనుషులు. నేను చూసేదేమో పై సగం. ఎడమకి తిప్పుతోందేమిటి, ఆ గుంత చూసిందా, బ్రిడ్జి ఇంకా ఎంత దూరం ఉంది? ఎదుటి కొట్టు మీద కళ్ళు పెట్టడం అలవాటైన ప్రాణం కదా. ఈలోగా నా సొంత కొట్టు తగలబడిపోయేది. తెర ఎర్రబడి, రిమోట్ గిలగిలా కొట్టుకుని, మళ్ళీ ఊరి మొదట్లో ఉన్న పాడుపడ్డ పెట్రోలు బంకు దగ్గర తేలేవాళ్ళం. ఇంకో చమత్కారం కూడా నాలో ఉండేది. శత్రువు ట్యాంకు ఎదురైతే వెంటనే పేల్చేదాన్ని కాదు. అది ముందు కదలాలని కాచుకునేదాన్ని. ఎదుటివాళ్ళు ధర చెప్పేదాకా మనం నోరు తెరవకూడదు కదా. ఆ ట్యాంకుకి అంత ఓపిక ఉండేది కాదు.

ఆమె ఆడే తీరు వేరు. లోపల ఏం జరుగుతున్నా పైకి చెప్పేసేది. “బుగులైతాంది. బ్రిడ్జి ఎక్కుతున్న.” రెండు మాటలూ ఒకే గొంతుతో వచ్చేవి. భయాన్ని కూడా గేరు మార్చినంత మామూలుగా చెప్పేది. నిజానికి ఆమెలాంటి భయస్థురాలిని నేను చూడలేదు. గ్యాస్ కట్టేశానా అని తలుపు తాళం తీసి మళ్ళీ లోపలికి వెళ్ళేది. కింద కొట్టుకి వెళ్ళొస్తానన్నా, చేరాక ఒక మెసేజ్ పెట్టమనేది. ఊరికే అలా భయపడుతున్నానని చెప్పుకుంటే చులకన అవుతాం కదా అక్కా అని ఒకసారి అడిగాను. ఆమె తమ క్లినిక్ సంగతి చెప్పింది. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళలో, నాకు భయం అని చెప్పి కూర్చునేవాళ్ళు కుదురుగా నోరు తెరుస్తారట. నాకేం భయం అని నవ్వుతూ వచ్చినవాళ్ళే సూది చూడగానే డాక్టరు చెయ్యి పట్టుకుంటారట. నేను ఏ రకమో ఆమె చెప్పలేదు. అడగడానికి నాకూ ధైర్యం లేదు.

ఎందుకంటే ఆ రోజుల్లో నేను పైకి చెప్పుకోని భయం ఒకటి ఉంది. నేను లైట్లు, వైర్లు, స్విచ్చులు అమ్మే ఒక ట్రేడింగ్ కంపెనీలో ఆఫీసు కుర్చీలో కూర్చునే సేల్స్ అమ్మాయిని. ఆ కుర్చీలు తీసేస్తున్నామని, ఇక అందరూ బయట తిరిగి అల్ ఐన్ నుంచి ఖోర్ ఫక్కాన్ దాకా కొట్లకి సరుకు అమ్మాలని మా ముదీర్, అంటే మేనేజరు, చెప్పేశాడు. బయట తిరగాలంటే డ్రైవింగ్ లైసెన్సు ఉండాలి. “లైసెన్స్ ఆయా తో ఠీక్, నహీఁ తో ఖలాస్,” అన్నాడు, కోపంగా కూడా కాదు. ఖలాస్ అంటే అయిపోయిందని; నా విషయంలో వీసా పోవడమే. తెనాలి వెళ్తే కొట్టు ఉంటుంది, కాని గల్లాపెట్టె దగ్గర కుర్చీ అప్పటికే తమ్ముడిది. నేను వెనక నిలబడి గిన్నెలు తుడవాలి. లైసెన్సు పరీక్షలో నేను తప్పుతూనే ఉన్నాను.

పరీక్ష పెట్టేది యూనిఫాం వేసుకున్న ఒక అరబ్ ఆవిడ. పక్క సీట్లో కూర్చుని ఒళ్ళో ట్యాబ్ పెట్టుకుంటుంది. ముఖంలో ఏమీ ఉండదు. ఎంత మొండి బేరగాడైనా కనుబొమ్మ దగ్గరో పెదవి చివరో ఎక్కడో ఒకచోట దొరికిపోతాడు. ఈవిడ దొరికేది కాదు. ట్యాబ్ మీద వేలు కదిలిందంటే నా కళ్ళు అటే పోయేవి. ఒకసారి దిగేముందు నా బుద్ధి పోనిచ్చుకోక, సిస్టర్, ఇంకొక్క రౌండు తిప్పించండి, బాగా చేస్తాను అని బేరం పెట్టాను కూడా. ఆవిడ కిటికీలోంచి తరువాతి అమ్మాయిని పిలిచింది. కాగితం మీద ఎప్పుడూ ఒకటే కారణం రాసి ఉండేది, అద్దాలు చూడటం లేదని.

అలా బేరం పెట్టి తప్పిన సాయంత్రం స్వరూపక్క దగ్గరికి వెళ్ళి, ఆవిడకి ఇండియా వాళ్ళంటే పడదనీ, బాగా నడిపినా కావాలనే తప్పించిందనీ నోటికొచ్చినట్టు చెప్పాను. అక్క చాయ్ వడపోస్తూ అంతా విన్నది.

“ఆమె మొఖంల ఏం కనబడ్డది నీకు?”

“ఏమీ కనపడలేదక్కా. రాయి.”

“మరి రోడ్డు మీద?”

నాకు రౌండబౌట్ దగ్గర ఎడమనుంచి వచ్చింది బస్సో లారీయో కూడా గుర్తు లేదు. ఆమె గ్లాసు నా చేతికిచ్చింది. “నా సగం నేను చూసుకుంట, ఆమె సగం ఆమె చూసుకుంటది. నీ సగం ఎవలు చూడాలె?” అంది. నేను అలిగి, చాయ్ తాగకుండా వచ్చేశాను. గదికి చేరానో లేదోనని ఆమె వెంటనే మెసేజ్ పెట్టింది.

కంపెనీ ఇచ్చిన గడువు ముగిసేలోగా నాకు మిగిలింది ఒక్క పరీక్షే. దానికి ముందురోజు వాన పట్టుకుంది. ఇక్కడ వాన అరుదు. వచ్చిందంటే కొండల్లో ఎండిన వాగులన్నీ ఒక్కసారిగా రోడ్డు మీదకి దిగుతాయి. రాజేందర్ గారు మధ్యాహ్నమే ఖోర్ ఫక్కాన్‌లో బయలుదేరారు. సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆయన ఫోను కలవడం లేదు. ఈరోజు ఆడొద్దులే అక్కా అన్నాను. ఆమె ఫోనుని ఇద్దరికీ మధ్య సోఫా మీద బోర్లా పెట్టి, రిమోట్ నా చేతికిచ్చింది.

ట్యాంకు కదిలింది. ఆమె రెండు సందులు దాటించింది. తర్వాత ఎప్పటి గొంతుతోనే, “ఫోన్ కలుస్తలేదు. బుగులైతాంది. కుడికి తిప్పుతున్న,” అంది. నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె తెర మీదనుంచి కళ్ళు తిప్పలేదు.

“నా మొఖం మీద ఏమున్నది పిల్లా. నీ సగం చూడు.”

చూశాను. మొదటిసారి ఒక్క నా సగాన్నే చూశాను. కూలిన మేడ కిటికీలో ఒకడు లేచాడు. చెప్పాను, పేల్చాను. వెనక లారీ ఉందా అని చూసి, ఉందని చెప్పాను. నాకు కూడా భయంగా ఉందని చెప్పాను. చెప్పాక చేతులు కాస్త తేలికయ్యాయి. పై సగంలో ఏం జరుగుతోందో నాకు తెలియదు. ఆమె ఎడమ అంటే తుపాకి ఎడమకి, ఆగు అంటే ఆపడం, అంతే. ఫోను మోగింది. కొత్త నంబరు. రాజేందర్ గారు. వాగు పొంగిందని దారిలో ఒక పెట్రోలు బంకు దగ్గర అందరినీ ఆపేశారట, ఆయన ఫోనులో ఛార్జింగ్ అయిపోయిందట, ఎవరిదో అడిగి చేస్తున్నారు. “ఆడనే ఉండు. తొందర పడకు. చేరినంక మాట్లాడు,” అని ఆమె పెట్టేసింది. అప్పుడు గాని టీవీలోంచి సంగీతం వస్తోందని గమనించలేదు. మా ట్యాంకు బ్రిడ్జి దాటి అవతలి ఒడ్డున ఉంది, లారీ దాని వెనకే ఉంది. ఎప్పుడు దాటామో ఇద్దరికీ తెలియదు. ఆమె రిమోట్ ఒళ్ళో పెట్టుకుంది. అది వణకడం ఎప్పుడో ఆగిపోయింది. ఆమె చేతులు మాత్రం ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

మర్నాడు రోడ్డు మీద అక్కడక్కడా నీళ్ళు నిలిచి ఉన్నాయి. పరీక్ష పెట్టే ఆవిడే వచ్చి పక్కన కూర్చుంది. నేను బెల్టు పెట్టుకుని, పెదాలు కదిలీ కదలకుండా మొదలుపెట్టాను. భయంగా ఉంది. అద్దం చూస్తున్నా. వెనక తెల్ల వ్యాను. లేన్ మారుతున్నా. ఆవిడ ఏమంటున్నావని ఇంగ్లీషులో అడిగింది. నాకు కనపడేవి నాకు నేను చెప్పుకుంటున్నానన్నాను. కాసేపటికి, “యల్లా, కంటిన్యూ,” అని కానివ్వమన్న మాట వినపడింది. రౌండబౌట్ దగ్గర ఎడమనుంచి వచ్చింది స్కూలు బస్సు, పసుపు రంగుది. అది వెళ్ళాక తిరిగాను. కారు ఆపాక ఖలాస్ అంది ఆవిడ. అది ఏ రకం ఖలాసో తెలియక బెంచీ మీద కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాను. ఫోనుకి మెసేజ్ వచ్చింది, పాసయ్యానని. ఆ రోజు ఆవిడ ముఖం ఎలా ఉందో ఇప్పటికీ నాకు తెలియదు.

స్వరూపక్కకి చెప్తే ఎగిరి గంతేయలేదు. కొత్త బుగులు ఒకటి మొదలైనట్టు పెట్టింది ముఖం. అల్ ఐన్ చేరిన వెంటనే మెసేజ్ పెట్టమని, పెట్టకపోతే తనకి అన్నం సయించదని చెప్పింది. కొన్నాళ్ళకి రాజేందర్ గారి కాంట్రాక్టు ముగిసి ఇద్దరూ జగిత్యాల వెళ్ళిపోయారు. గేమ్ పెట్టె వాళ్ళతోనే వెళ్ళింది. మైక్రోవేవ్ నా దగ్గరే ఉంది. తలుపు ఇంకా ఊడలేదు.

బేరాలకి కూర్చున్నప్పుడు నా ముఖం ఇప్పటికీ దించిన షట్టరే. అల్ ఐన్ కొట్లవాళ్ళు నన్ను చూసి, మేడమ్ వచ్చింది, ఇక ఈరోజు లాభం లేదు అనుకుంటారని విన్నాను, సంతోషించాను కూడా. ఆ కొట్లోంచి బయటికి వచ్చి కారు తలుపు వేసుకున్నాక మాత్రం దాచడానికి ఎవరూ ఉండరు. వెనక పెద్ద ట్రైలర్ తరుముతూ వస్తుంది, ముందు ఇసుక గాలి లేస్తుంది, చారల మీదకి టైరెక్కి చేతులు వణుకుతాయి. పక్క సీటు ఖాళీ. అయినా పైకే అంటాను, నా తెనాలి నోటికి సరిగ్గా తిరగని ఆమె మాటలోనే: “బుగులైతాంది.” అని, అద్దం చూస్తాను.